ఏ రోజుకు ఆ రోజు అప్పగింత

ఆదివారం ఆరాధనలో ‘అన్నీ ప్రభువుకు అప్పగించేయండి’ అని విని, సోమవారం పొద్దున రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగిన మనిషికి ఆ మాటతో ఏం చేయాలో తోచదు. అన్నీ తన చేతిలో ఉంచుకున్నందుకే కదా అతనికి జీతం! సర్వర్ పడిపోకముందే పసిగట్టాలి. కొత్త కోడ్ ఎక్కించేముందు, అది బెడిసికొడితే పాతదాన్ని ఎలా వెనక్కి తేవాలో రాసిపెట్టాలి. ఎక్కడ ఏది తప్పిపోవచ్చో పట్టిక కట్టి, ప్రతిదానికీ ఒక బాధ్యుణ్ణి చూపించాలి. రోజుకు తొమ్మిది పది గంటలు ఇలా పనిచేసిన బుర్ర ఇంటికి వెళ్లాక ఊరుకోదు. పిల్లాడి మార్కులు, అత్తగారి షుగరు, అమెరికాలో ఉన్న తమ్ముడి వీసా, ఫ్లాటు ఈఎంఐ అన్నీ ఆ పట్టికలోకే ఎక్కుతాయి. చివరికి ప్రార్థన కూడా.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇది. యేసుకు అప్పగించుకున్నవాడు పని మానడు, పని ఫలితం మీద పట్టు వదులుతాడు. మన పట్టు ఎంత గట్టిదో తెలుసుకోవడానికి కూడికల్లో కార్చిన కన్నీళ్లు కొలవనక్కర్లేదు. ఏది చేజారుతుందని భయమేస్తే అబద్ధమాడటానికి సిద్ధపడతామో చూసుకుంటే చాలు.

సువార్తల్లో ఇద్దరు సుంకరులున్నారు. మత్తయిని యేసు సుంకపు మెట్టు దగ్గరే పిలిచాడు, అతను లేచి వెంట వెళ్లిపోయాడు. జక్కయ్యతో మాత్రం ఉద్యోగం వదిలి రమ్మన్నట్టు ఎక్కడా లేదు. యెరికోలో తన ఇంట్లోనే ఉండి, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రాయదుర్గంలో ఎక్కువమందికి వచ్చే పిలుపు ఈ రెండోది. సీటు మారదు. ఆ సీట్లో కూర్చుని వేసే లెక్క మారాలి.

ఇంజనీరుకు పెట్టిన మూడు షరతులు

మొదటి పిలుపు ఎలా ఉంటుందో చూడాలన్నా దూరం వెళ్లనక్కర్లేదు. రాయదుర్గంలో బ్లూ లైన్ ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో గ్రీన్ లైన్‌కు మారి, ముషీరాబాద్‌లో దిగండి. ఆ దగ్గర్లోనే, గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో, హెబ్రోను ఉంది. 1950లో మొదలైన ఆ సహవాసం వెనక ఉన్న భక్త్ సింగ్ గారు చదివింది ఇంజనీరింగే.

1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. స్కూల్లో బహుమతిగా వచ్చిన బైబిలుకు తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం ఉంచుకుని, లోపలి పుటలు చింపేశాడు. 1926లో ఇంజనీరింగ్ చదవడానికి లండన్ వెళ్లాడు. 1928లో కెనడా వెళ్లే ఓడలో ఆరాధన జరుగుతుంటే మర్యాదకని కూర్చున్నాడు. అందరితోపాటు మోకరించక తప్పలేదు. ఆ మోకాళ్ల మీదే మనసులో ఏదో మారింది. మరుసటి ఏడు కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడిచ్చిన కొత్త నిబంధన చదివి యేసును నమ్మాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన పడిన పెనుగులాట మనకు చాలా దగ్గరిది. సేవకు రమ్మన్న పిలుపు వచ్చినప్పుడు ఆయన దేవుడితో బేరం పెట్టాడు. మంచి ఉద్యోగం చేస్తాను, వచ్చిన సంపాదన సేవకు ఇస్తాను అన్నాడు. హైటెక్ సిటీలో ఎంతమంది యువకులు ఇదే బేరం పెట్టుకుని ప్రశాంతంగా ఉన్నారో! డబ్బు ఇస్తే మనిషిని అడగరని ఒక నమ్మకం. ఆయనకు అర్థమైన జవాబు వేరు. నీ డబ్బు నాకొద్దు, నువ్వు కావాలి.

ఆ జవాబుతో మూడు షరతులు వచ్చాయని ఆయన తన సాక్ష్యంలో చెప్పేవారు. పంజాబులోని ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. ఏ ఒక్క మిషను సంస్థలోనూ చేరకుండా అందరికీ సమానంగా సేవ చేయాలి. సొంత ప్రణాళికలు వేసుకోకుండా ఏ రోజుకు ఆ రోజు నడిపింపు కోసం చూడాలి. మొదటి రెండూ ఒకసారి తీసుకునే నిర్ణయాలు. కాగితం మీద సంతకం పెడితే అయిపోతుంది. మూడోదే కష్టం, ఎందుకంటే అది రేపు పొద్దున మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు వచ్చి కలిశారు. ఇంటి పరువు కోసం ఈ నమ్మకాన్ని రహస్యంగా ఉంచుకోమన్నారు. అది తన వల్ల కాదన్నాడు. వాళ్లు ఆయన్ను అక్కడే వదిలి వెళ్లిపోయారు. చేతిలో చదువుంది, ఉద్యోగం చూసుకోవచ్చు. ఆయన చూసుకోలేదు. తర్వాతి కాలంలో ఆయన సంఘాల్లో పనిచేసినవారు కూడా నెల జీతం లేకుండా, మనుషుల్ని అడగకుండా బతకడమే పద్ధతిగా పెట్టుకున్నారు.

ఇందులో మనందరికీ వర్తించనిది ఏదో, వర్తించేది ఏదో వేరు చేసుకోవాలి. జీతం లేని జీవితం అందరికీ ఆజ్ఞ కాదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో భార్యను అడగకుండా రాజీనామా రాసి, ‘విశ్వాసంతో బతుకుతాం’ అనేవాడు దేవుడికి అప్పగించింది తన బాధ్యతను. వర్తించేది ఆ మూడో షరతు లోపలి సారం. రేపటి సంగతి నాకు తెలిసినట్టు నడుచుకోవడం మానాలి.

భక్త్ సింగ్ గారి చివరి రోజుల్ని గురించి జనం తక్కువ మాట్లాడతారు. దేశమంతా తిరిగి, రాత్రంతా మోకాళ్ల మీద ఉండగలిగిన ఆ మనిషి పార్కిన్సన్స్ జబ్బుతో ఏళ్ల తరబడి మంచం పట్టారు. 2000 సెప్టెంబరు 17న హెబ్రోనులోనే కన్నుమూశారు. పునరుత్థానం తర్వాత సముద్రం ఒడ్డున యేసు పేతురుతో, ముసలితనంలో వేరొకరు నీ నడుము కట్టి నీకు ఇష్టం లేని చోటికి తీసుకుపోతారని చెప్పాడు. యౌవనంలో ఆస్తి వదులుకోవడం గొప్పే. ఒకరు అన్నం తినిపిస్తే తినాల్సి రావడాన్ని సణగకుండా ఒప్పుకోవడం అంతకంటే గొప్పదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇంట్లో మంచం మీద తండ్రి ఉన్నవాళ్లకు, ఆ తండ్రికి స్నానం చేయించేవాళ్లకు ఇది బోధించనక్కర్లేదు. వాళ్లు రోజూ చూస్తున్నదే.

ప్లాన్ వేసుకుంటే పాపమా?

కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది యేసే. ఐగుప్తులో యోసేపు ఏడేళ్ల సమృద్ధిలో పంటలో అయిదో వంతు కొట్లలో వేయించి, తర్వాతి ఏడేళ్ల కరువుకు సిద్ధం చేశాడు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకోవడం అవిశ్వాసమేమీ కాదు. ఆరోగ్య బీమా తీసుకోవడమూ కాదు.

యాకోబు పత్రికలో కొందరు వర్తకులున్నారు. ఏ ఊరు వెళ్లాలో, ఎన్నాళ్లు ఉండాలో, ఎంత మిగుల్చుకోవాలో అంతా తేల్చేసుకున్నవాళ్లు. యాకోబు వాళ్లను వ్యాపారం మానమనలేదు. ఆ లెక్కలో దేవుడి చిత్తానికి చోటే లేకపోవడాన్ని తప్పుపట్టాడు.

మన వర్తకుల లెక్కలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. రెండేళ్లు ఇక్కడ, ఆ తర్వాత హెచ్1బీ, తర్వాత గ్రీన్ కార్డు, అమ్మానాన్నలకు కొంపల్లిలో విల్లా. అమెరికా ఏడాదికి ఇచ్చే హెచ్1బీలు మామూలుగా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు ఎక్కువైతే ఎంపికే చేస్తారు. 2025 సెప్టెంబరులో ట్రంప్ సంతకం పెట్టిన ఒక్క ప్రకటనతో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. ఆ ఏడు జూలైలోనే టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 12,000 మందిని తగ్గిస్తానంది. ఇవి వార్తలుగా చదివినవాళ్లున్నారు, ఇవి తమ ఇంటి కథలైనవాళ్లూ ఉన్నారు. మన చేతిలో ఉందనుకున్నది అంతకుముందు కూడా మన చేతిలో లేదు. ఆ సంగతి ఇప్పుడు బయటపడింది, అంతే. అప్పగింత అంటే ఏదో కొత్తగా పోగొట్టుకోవడం అనుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

అబద్ధం దగ్గర ఆగండి

అమీర్‌పేటలో కోర్సు పూర్తయిన కుర్రాడున్నాడనుకోండి. పేరున్న కంపెనీలన్నీ మూడేళ్ల అనుభవం అడుగుతున్నాయి. ‘ఫేక్ పెట్టు, అందరూ పెడుతున్నారు’ అంటాడు రూమ్మేటు. అనుభవ పత్రం తయారుచేసి ఇచ్చేవాళ్లున్నారు, ఇంటర్వ్యూలో తన బదులు మాట్లాడే ప్రాక్సీలూ ఉన్నారు. ఊళ్లో అప్పు చేసి చదివించిన నాన్న ఉన్నాడు. ఈ కుర్రాడు ప్రతి శుక్రవారం ఉపవాసముండి ఉద్యోగం కోసం ప్రార్థిస్తున్నాడు. ఒకవైపు దేవుణ్ణి అడుగుతూ, ఇంకోవైపు దేవుడు ఇవ్వకపోయినా వచ్చేలా ఏర్పాటు చేసుకుంటున్నాడు. అతన్ని నిందించడానికి నాకు నోరు రాదు, ఆ అప్పు బరువు నాకు తెలుసు. కానీ సమర్పణ అనే మాటకు అర్థం అతనికి తెలిసేది ఏ కూడికలోనూ కాదు, ఆ రెజ్యూమే ముందు కూర్చున్నప్పుడే.

ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇదే పరీక్ష చిన్న చిన్న రూపాల్లో వస్తుంది. ఆరు గంటలు చేసిన పనికి టైమ్‌షీట్‌లో తొమ్మిది వేయడం. స్టేటస్ రిపోర్టులో ఎర్ర రంగు ఉండాల్సిన చోట ఆకుపచ్చ పెట్టి, వచ్చేవారానికి ఎలాగోలా సర్దుకుంటుందిలే అనుకోవడం. జూనియర్ రాసిన కోడుకు మన పేరు తగిలించడం. తప్పు మన దగ్గర జరిగినప్పుడు మీటింగులో టెస్టింగ్ టీమ్ వైపు చూడటం. వీటిలో ప్రతిదాని వెనకా ఒక భయం ఉంటుంది. అప్రైజల్, ప్రమోషన్, పరువు. ఆ భయానికి పేరు పెట్టండి. మీరు ప్రభువుకు ఇంకా ఇవ్వనిది అదే.

నిజం చెప్తే దేవుడు ఇంకా మంచి ఉద్యోగం ఇస్తాడని నేను హామీ ఇవ్వను. అలా హామీ ఇచ్చే బోధ వింటే నాకు బాధేస్తుంది. బబులోనులో అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యువకులు, తమ దేవుడు కాపాడగలడని అన్నారు, కాపాడకపోయినా ప్రతిమకు మొక్కమని కూడా అన్నారు. ఆ రెండో మాట తీసేస్తే అది విశ్వాసం కాదు, పెట్టుబడి. నిజం చెప్పినందుకు ఆఫరు పోవచ్చు. మేనేజరు ముఖం మాడ్చుకోవచ్చు. అది ముందే తెలిసి చెప్పాలి.

ప్రార్థనలో దాక్కున్న పట్టు

డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దానపు కార్డులు పంచుతారు. ఆ వచనాన్ని ఏడాదంతా గుండెలకు హత్తుకున్న తల్లులు నాకు తెలుసు, ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ కార్డును కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌లా చూపించి, ‘ప్రభువా, నువ్వు రాసిచ్చావు’ అని నిలదీయడం మొదలైతే, మనం అడుగుతున్నది దేవుణ్ణి కాదు, దేవుడి సంతకాన్ని. ఇన్ని శుక్రవారాలు ఉపవాసముంటే ఇది జరగాలి, ఇంత కానుక వేస్తే అంత రావాలి అనే లెక్క కూడా ఇలాంటిదే.

గెత్సేమనేలో యేసు ఏం చేశాడో నెమ్మదిగా చదవండి. ముందు తన కోరిక ఏమిటో దాచకుండా చెప్పాడు. ఆ గిన్నె తొలగిపోవాలనే అడిగాడు. ‘నాకు అంతా సమ్మతమే’ అని నటించలేదు. ఒక్కసారి కాదు, మూడుసార్లు వెళ్లి అడిగాడు. ఒంటరిగా ఉండలేక ముగ్గురు స్నేహితుల్ని మెలకువగా ఉండమన్నాడు, వాళ్లు నిద్రపోయారు. తండ్రి చిత్తమే జరగాలన్న మాట ఆ వేదన మధ్యలోంచి వచ్చింది, వేదన తగ్గాక కాదు. ఆపైన లేచి, తనను పట్టుకోవడానికి వస్తున్నవాళ్లకు ఎదురువెళ్లాడు.

కాబట్టి అడగండి. పేరు పెట్టి అడగండి. పిల్లలు కావాలంటే పిల్లలు కావాలని, ఈ ఊళ్లోనే ఉద్యోగం కావాలంటే ఆ మాటే అనండి. కోరిక లేనట్టు మాట్లాడితే అప్పగించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

రోజువారీ పని

ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోండి. ఫోన్లో వద్దు, ఫోన్ తెరిస్తే ముందు ఆఫీసు మెసేజీలు కనిపిస్తాయి. పుట మధ్యలో గీత గీయండి. పొద్దున క్యాబ్‌లోనో, మెట్రోలోనో, ఆ రోజు మనసులో తిరుగుతున్న వాటిలో రెండో మూడో రాయండి. ఎడమవైపు నేను చేయాల్సింది, కుడివైపు నా చేతిలో లేనిది. ‘క్లయింట్‌కు డెమో: తయారవడం, ఉన్నది ఉన్నట్టు చూపించడం’ ఎడమవైపుకు వస్తుంది. ‘వాళ్లకు నచ్చడం’ కుడివైపుకు. ‘పాపకు లెక్కలు చెప్పడం’ ఎడమవైపు, ‘పాపకు వచ్చే ర్యాంకు’ కుడివైపు. కుడివైపున్న ప్రతిదాన్నీ ఒక్కొక్క వాక్యంలో ప్రభువుకు చెప్పండి. ఎడమవైపున్నది చేయకుండా కుడివైపు ప్రార్థన చేసేవారిది బద్ధకం. ఎడమవైపు ముగిశాక కూడా కుడివైపును తవ్వుతూ కూర్చునేవారిది పట్టు. మీరు ఏ కోవలోకి వస్తారో ఒక వారంలో మీకే తెలుస్తుంది.

రాత్రి పడుకునేముందు ఆ పుట మళ్లీ చూడండి. పొద్దున ఇచ్చినదాన్ని మధ్యాహ్నానికే వెనక్కి లాక్కుని ఉంటారు. అందరికీ జరిగేదే. అరణ్యంలో మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాల్సి వచ్చింది, రేపటికని దాచుకున్నది పురుగు పట్టింది. నిన్నటి సమర్పణ కూడా ఇవాళ్టికి నిలవ ఉండదు. మర్నాడు కొత్త పుట.

వారంలో ఒక రోజు పనికి దూరంగా ఉండటం ఇందులో భాగమే. అది ఆదివారమే కావాలని పట్టుబట్టను. కువైట్‌లో పనిచేసే మన తెలుగు విశ్వాసులు సెలవు శుక్రవారం కాబట్టి ఎన్నో ఏళ్లుగా శుక్రవారమే ఆరాధనకు కూడుకుంటున్నారు. అమెరికా వేళల్లో షిఫ్టు చేసేవారికి, ఆదివారం ఆన్‌కాల్ పడినవారికి మంగళవారం కుదిరితే మంగళవారమే. నేను లేకపోయినా లోకం నడుస్తుందని ఒప్పుకునే రోజు ఒకటి కావాలి. ఆ రోజు మెయిల్ చూడకుండా ఉండలేకపోతే, ఎందుకు ఉండలేకపోతున్నారో నోట్‌బుక్‌లో రాయండి. అది మంచి సమాచారం.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎవరికీ తెలియకుండా, పన్ను మినహాయింపు రసీదు రాని చోట, తిరిగి రాదని తెలిసి కొంత ఇవ్వండి. వాచ్‌మన్ కూతురి ఫీజు కావచ్చు, ఆఫీసులో ఫ్లోర్ తుడిచే అమ్మ మందులు కావచ్చు. ఏ కృతజ్ఞతార్పణ ప్రకటనలోనూ మీ పేరు చదవరు. డబ్బు మీద మన పట్టు అక్కడే సడలుతుంది.

ఇక్కడ గీత గీయాలి

దేవుడికి అప్పగించడం పేరుతో మనుషులకు లొంగిపోవడం మన సంఘాల్లో జరుగుతోంది. మీ జీతం స్లిప్పు అడిగే పాస్టరు, మీ పెళ్లి సంబంధం తనకు దర్శనంలో కనిపించిందనే ప్రవక్త, ప్రశ్నిస్తే తిరుగుబాటు ఆత్మ అనే నాయకుడు – వీళ్లకు ఇవ్వాల్సిన అప్పగింత ఏదీ లేదు. ఇంట్లో కూడా ‘ప్రభువు నాకు చూపించాడు’ అని ఒకరు అనగానే మిగతావాళ్ల నోళ్లు మూతపడితే, అది పెత్తనానికి భక్తి రంగు పూయడమే. నడిపింపు నిజమైతే భార్య ప్రశ్నకు, ఎదిగిన కూతురి ప్రశ్నకు భయపడదు.

భర్త కొడుతుంటే ‘సహించు, సమర్పించుకో’ అని ఏ సంఘ పెద్దయినా చెబితే ఆ మాట వినకండి. మహిళల సహాయానికి 181 ఉంది, హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. దెబ్బలకు దూరంగా వెళ్లడం యేసును విడిచి వెళ్లడం కాదు. అలాగే నిద్ర పట్టక, గుండె దడతో, బతకాలనిపించక నెలలు గడుస్తున్నవారికి ‘ఇంకా అప్పగించు’ అని చెప్పడం క్రూరత్వం. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, డాక్టరును కలవండి, ప్రార్థన కూడా చేయండి.

ఇక ఈ వారానికి. జీవితం మొత్తాన్ని ఒక్క రాత్రిలో అప్పగించేయాలని చూడకండి. ఒక్కటి, అదీ చిన్నది తీసుకోండి. నా సలహా స్టేటస్ రిపోర్టు. మీ పనిలో నిజంగా వెనకబడిన అంశం ఏదో చూసి, శుక్రవారం కాల్‌లో అందరి ముందూ బయటపడేదాకా ఆగకుండా, గురువారమే మీ లీడ్ దగ్గరికి వెళ్లి చెప్పండి. సంజాయిషీలు వద్దు. ఎంత ఆలస్యమైందో, ఎందుకైందో, ఎప్పటికి ఇవ్వగలరో చెప్పండి. వెళ్లేముందు నోట్‌బుక్‌లో ఎడమవైపు ‘చెప్పడం’ అని, కుడివైపు ‘ఆయన ఏమంటాడో’ అని రాసుకోండి.